లాయరు గారు ‘లిమిటెడ్’ అయితే...

పోయిన నెల ఇల్లు కొనేటప్పుడు అయ్యే ఖర్చుల గురించి రాస్తూ, ఇంగ్లండ్‌లో ఇప్పుడు చాలా లా ఆఫీసులు కంపెనీలేనని ఒక్క ముక్క అన్నాను. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. అందుకే ఈసారి ప్రశ్నలన్నీ ఆ గూటివే. కొత్తగా చదువుతున్నవాళ్లకు ముందే చెప్పాలి, నేను లాయర్ని కాను. ఇంగ్లండ్‌లో సొలిసిటర్ల, అంటే క్లయింట్ల కేసులూ ఆస్తి కాగితాలూ చూసే లాయర్ల, ఆఫీసుల్లో 19 ఏళ్లు లెక్కలు చూశాను. చివరి ఎనిమిదేళ్లూ ఆ లెక్కలకు సంతకం పెట్టి పూచీ పడే ఉద్యోగం. అందుకని ఏ ప్రశ్న అడిగినా నా జవాబు తిరిగి తిరిగి డబ్బు దగ్గరకే వస్తుంది. ఓపిక పట్టండి.

ప్రశ్న: నేనూ నా స్నేహితురాలూ సొలిసిటర్లం. నేను క్వాలిఫై అయి రెండేళ్లయింది, తనకు ఏడాదిన్నర. మా అకౌంటెంట్ ఒక్క రోజులో ఆన్‌లైన్‌లో లిమిటెడ్ కంపెనీ పెట్టించేశారు. సర్టిఫికెట్ కూడా వచ్చింది. చిన్న ఆఫీసు గది అద్దెకు తీసుకున్నాం. సోమవారం నుంచి క్లయింట్లను తీసుకోవచ్చా?

జవాబు: వద్దు. దయచేసి ఒక్కరిని కూడా తీసుకోకండి. మీ చేతిలో ఉన్నది కంపెనీ పుట్టిందని చెప్పే కాగితం మాత్రమే. పేరు, అడ్రసు, డైరెక్టర్లు, షేర్లు చూసి కంపెనీస్ హౌస్ నమోదు చేసేస్తుంది. మీ కంపెనీకి లా ప్రాక్టీసు చేసే అర్హత ఉందా లేదా అన్నది దాని పని కాదు. అది చూసేది సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అందరూ ఎస్ఆర్ఏ అనేది. మీ ఇద్దరికీ విడివిడిగా ప్రాక్టీసింగ్ సర్టిఫికెట్లు ఉండొచ్చు, అవి మీవి. కంపెనీ అనేది చట్టం దృష్టిలో మూడో మనిషి. ఆ మూడో మనిషికి వేరే అనుమతి కావాలి.

అది లేకుండా మొదలుపెడితే ఏమవుతుందంటారా? 2007 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ఆరు పనులను రిజర్వు చేసింది. కోర్టులో వాదించడం, దావా నడపడం, ఆస్తి బదిలీ పత్రాలు తయారుచేయడం, ప్రొబేటు (వీలునామా అమలు) కాగితాలు, నోటరీ పని, ప్రమాణం చేయించడం. అనుమతి లేకుండా వీటిలో ఏది చేసినా నేరమే, రెండేళ్ల వరకు జైలు పడొచ్చు. తెలియక చేశామంటే ఇతరులైతే కొంత నమ్ముతారేమో గానీ, సొలిసిటర్లు అంటే ఎవరు నమ్ముతారు?

మీ ఉత్తరంలో మీరు గమనించని చిక్కు ఇంకోటి ఉంది. ఆఫీసులో కనీసం ఒక్కరైనా లాయరుగా మూడేళ్లు ప్రాక్టీసు చేసినవాళ్లుండాలి. పని పర్యవేక్షించడానికి. ఆ మనిషి యజమాని కానక్కర్లేదు, ఉద్యోగి అయినా చాలు. మీ ఇద్దరి అనుభవం కలిపితే మూడున్నరేళ్లు వస్తుంది కానీ, ఇక్కడ కూడికలు చెల్లవు. ఒక సీనియర్‌ని వెతకండి, లేదా ఇంకో ఏడాది ఆగండి.

ఇద్దరు అధికారుల పేర్లు కూడా ఇవ్వాలి. నియమాల పాటింపుకు పూచీ పడేవారు కోల్ప్, డబ్బు లెక్కలకు పూచీ పడేవారు కోఫా. చిన్న ఆఫీసుల్లో రెండు టోపీలూ ఒకరే పెట్టుకుంటారు. నాది ఈ రెండో టోపీ. దీని గురించి కింద చాలా చెబుతాను.

అప్లికేషన్ ఫారం ముట్టుకోక ముందే ఇన్సూరెన్సు బ్రోకరుకు ఫోన్ చేయండి. మీ చేతిలో పొరపాటు జరిగితే క్లయింట్‌కు చెల్లించే ఇండెమ్నిటీ పాలసీ లేకుండా ఆఫీసు తెరవడానికి వీల్లేదు. కొత్త ఆఫీసంటే, అందులోనూ ఇళ్ల కొనుగోళ్లు చేస్తామంటే, ఇన్సూరెన్సు వాళ్లు మొహం తిప్పుకుంటారు. అనుమతి పత్రం ఇచ్చేది ఎస్ఆర్ఏనే. కానీ నేను చూసినంతలో తలుపు తీసేది, మూసేది ప్రీమియం కట్టించుకునేవాళ్లే.

గది అద్దె సంగతి... ఇంటి యజమానితో మాట్లాడి వాయిదా వేయించుకోండి.

ప్రశ్న: నా పేరు మీద ఉన్న లా కంపెనీకి అనుమతి వచ్చి మూడేళ్లయింది, బాగానే నడుస్తోంది. మావారు అకౌంటెంట్, లాయరు కాదు. పన్ను లెక్కల్లో కలిసొస్తుందని ఆయన పేర కొన్ని షేర్లు రాద్దామనుకుంటున్నాం. పది శాతం లోపే కాబట్టి ఎవరికీ చెప్పనక్కర్లేదని ఒక స్నేహితుడు అన్నాడు. నిజమేనా?

జవాబు: మీ స్నేహితుడు రెండు నియమాలను కలిపి ఒకటి చేశాడు. పది శాతం అనేది ఉన్న మాటే. లాయరు కాని వ్యక్తి చేతికి పది శాతం లేదా ఆపైన వాటా వెళ్లాలంటే, ఆ వ్యక్తి తగినవాడా కాదా అని ఎస్ఆర్ఏ విడిగా పరిశీలించి ఒప్పుకోవాలి. అది వాటాదారుకు పెట్టే పరీక్ష. కంపెనీ మాత్రం అంతకంటే ముందే వేరే జాతికి మారిపోతుంది. లాయరు కాని మనిషి చేతిలో ఒక్క షేరు ఉన్నా, లేదా అలాంటి మనిషి డైరెక్టరు అయినా, మీది మామూలు ‘రికగ్నైజ్డ్ బాడీ’గా ఉండదు. ‘లైసెన్స్‌డ్ బాడీ’ కావాలి. బయట దాన్ని ఏబీఎస్ అంటారు. అంటే మీవారికి ఒక్క షేరు రాసే ముందే మీరు కొత్త లైసెన్సు తెచ్చుకోవాలి.

1980ల దాకా అక్కడ సొలిసిటర్లకు కంపెనీ పెట్టే దారే లేదు. ఒక్కరే చేసుకోవాలి, లేదా భాగస్వామ్యం. 1985లో చట్టం తలుపు కొంచెం తీసింది. బయటివాళ్ల డబ్బుకు మాత్రం తలుపు తెరిచింది 2007 చట్టమే. ఎస్ఆర్ఏ మొదటి ఏబీఎస్ లైసెన్సులు ఇచ్చేసరికి 2012 మార్చి అయింది. మూడేళ్లకు, 2015లో, గేట్లీ అనే సంస్థ లండన్‌లో చిన్న కంపెనీల షేర్ల బజారైన ఎయిమ్‌లో షేర్లు అమ్మిన మొదటి బ్రిటిష్ లా ఫర్మ్ అయింది. అమెరికాలో అయితే మీ ప్రశ్నకు చాలా రాష్ట్రాల్లో జవాబు ఒక్క ముక్కే, కుదరదు. లాయరు కానివారితో ఫీజు పంచుకోకూడదన్న నియమం అక్కడ గోడలా ఉంది. అరిజోనా ఒక్కటి 2021 జనవరి నుంచి ఆ గోడ తీసేసింది.

ఇంకో తేడా ఉంది, మీవారి చెవిన వేయండి. మామూలు సొలిసిటర్ల ఆఫీసుకు ఎస్ఆర్ఏ తనంతట తాను వేయగల జరిమానా 25,000 పౌండ్ల దాకా. ఆర్థిక నేరాలది వేరే లెక్క. లైసెన్స్‌డ్ బాడీకి ఆ హద్దు 25 కోట్ల పౌండ్లు. మీలాంటి చిన్న కంపెనీకి అంత వేయరు లెండి. అయినా ఏడాదికి మిగిలే కాస్త పన్ను కోసం ఇంత తతంగం అవసరమా అని నేనైతే మళ్లీ కాగితం, పెన్ను తీసుకుని కూర్చుంటాను. మీవారు అకౌంటెంటే కదా, ఆయననే కూర్చోబెట్టండి.

ప్రశ్న: మా ఇంటి కొనుగోలు చూస్తున్న సొలిసిటర్ల ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే నెల నుంచి భాగస్వామ్యం కాదు, లిమిటెడ్ కంపెనీ అట. మా డిపాజిట్ 62,000 పౌండ్లు వాళ్ల దగ్గరే ఉంది. రేపు కంపెనీ దివాలా తీస్తే, మాకేం సంబంధం లేదని చేతులు దులుపుకుంటారా? డబ్బు వెనక్కి అడగమంటారా? రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: డబ్బు వెనక్కి అడగకండి. ఇల్లు చేజారుతుంది. నిద్రపోండి, కానీ నిద్రపోయే ముందు ఒక పని చేయాలి. అది చివర్లో చెబుతాను.

‘లిమిటెడ్’ అన్న మాట హద్దు గీసేది కంపెనీ బాకీలకు. అద్దె, జీతాలు, ఫొటోకాపీ మెషీన్ వాయిదాలు, ఇలాంటివి. మీ 62,000 కంపెనీ ఆస్తే కాదు. అది క్లయింట్ అకౌంట్లో ఉంటుంది. ఆ అకౌంట్ పేరులోనే ‘క్లయింట్’ అన్న మాట ఉండి తీరాలి. ఆఫీసు ఖర్చుల అకౌంట్ పూర్తిగా వేరు. కంపెనీ మునిగినా అప్పులవాళ్లు ఈ అకౌంట్ మీద చేయి వేయలేరు. సొలిసిటర్ చేతిలో ఉన్నా అది మీ డబ్బే.

ఆ వేరు చేయడం ఎంత గట్టిగా ఉంటుందో నా అనుభవం ఒకటి చెబుతాను. ఐదు వారాలకు ఒకసారైనా మూడు అంకెలు సరిపోల్చాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉన్నది ఒకటి, మా క్యాష్‌బుక్‌లో ఉన్నది రెండు, ఒక్కో క్లయింట్ లెడ్జర్ నిల్వలన్నీ కూడితే వచ్చేది మూడు. మూడూ పెన్నీతో సహా కలవాలి. ఒకసారి 35 పౌండ్లు తేడా వచ్చింది. సాయంత్రం ఏడు దాటింది, అందరూ వెళ్లిపోయారు, నేనూ నా టీ కప్పూ మిగిలాం. ఎవరి డబ్బో ఎవరి ఖాతాలోనో పడిందనుకుని మూడు వందల పైచిలుకు లెడ్జర్లు తిరగేశాను. చివరికి చూస్తే బ్యాంకువాళ్లే విదేశానికి పంపిన సొమ్ము తాలూకు చార్జీ ఆఫీసు అకౌంట్లో కాకుండా క్లయింట్ అకౌంట్లో కోసేశారు. తప్పు బ్యాంకుది. అయినా ఆ రాత్రికి మా దగ్గర ఎవరో ఒక క్లయింట్ డబ్బు 35 పౌండ్లు తక్కువ ఉన్నట్టే కదా! మర్నాడు పొద్దున్నే ఆఫీసు డబ్బు నుంచి 35 పూడ్చి, ఉల్లంఘనల రిజిస్టర్లో తేదీతో రాసి, సంతకం పెట్టాను. మా డైరెక్టరు ‘ముప్ఫై అయిదుకి ఇంత హడావిడా’ అన్నారు. ముప్ఫై అయిదుకి చేయనివాళ్లు ముప్ఫై అయిదు వేలకీ చేయరన్నాను. ఆయనకు నచ్చలేదు, సంతకం మాత్రం పెట్టారు.

ఇన్సూరెన్సు మాటకొస్తే మీరు కంగారు పడ్డ మార్పే మీకు మేలు చేసింది. పాత పద్ధతి భాగస్వామ్యానికి ఒక్కో క్లెయిముకు కనీసం 20 లక్షల పౌండ్ల కవరు ఉంటే చాలు. కంపెనీ అయితే కనీసం 30 లక్షలు ఉండాలి. వెనకాల భాగస్వాముల సొంత ఆస్తులు లేవు కాబట్టి పాలసీ బరువు పెంచారు.

ఇదంతా తెలియక జరిగే పొరపాట్లకు. కంచే చేను మేస్తే? అదీ జరిగింది. 2023 అక్టోబర్‌లో ఆక్సియమ్ ఇన్స్ అనే లా కంపెనీని ఎస్ఆర్ఏ మూసేసినప్పుడు క్లయింట్ల డబ్బు 6 కోట్ల పౌండ్లకు పైగా కనిపించలేదు. అనుమతి పత్రాలన్నీ ఉన్న సంస్థే. ఎస్ఆర్ఏ సరిగా కనిపెట్టుకుని లేదని మరుసటి ఏడాది దానిపై ఉండే లీగల్ సర్వీసెస్ బోర్డు విచారణ నివేదికే తేల్చింది. ఇలాంటప్పుడు ఆదుకునేది కాంపెన్సేషన్ ఫండ్. ఒక్కో క్లెయిముకు 5 లక్షల పౌండ్ల దాకా ఇస్తుంది. ఆ నిధికి డబ్బెక్కడిది? మిగతా ఆఫీసులు కట్టే చందా. ఆ దెబ్బకు ఒక్కో ఆఫీసు కట్టే చందా 660 నుంచి 2,220 పౌండ్లకు పెరిగింది. చెక్కు రాస్తున్నప్పుడు మా వాళ్ల మొహాలు చూడాలి.

ఇక మీరు చేయాల్సిన పని. ఆఫీసు కంపెనీగా మారేటప్పుడు బ్యాంకు అకౌంట్ కూడా నిజంగానే మారొచ్చు. దొంగలు కాచుకుని కూర్చునేది సరిగ్గా ఈ సమయం కోసమే. ‘మా అకౌంట్ నంబరు మారింది, మిగతా సొమ్ము దీనికి పంపండి’ అని అచ్చం మీ సొలిసిటర్ రాసినట్టే ఈమెయిల్ వస్తుంది. అందులో ఉన్న ఫోన్ నంబరుకు చేయకండి. మొదటిరోజు మీకిచ్చిన పాత కాగితం మీది నంబరుకు చేసి, మీరెరిగిన గొంతుతోనే అంకె అంకె చదివించుకోండి. లెటర్‌హెడ్ అడుగున కంపెనీ పేరు, ఎస్ఆర్ఏ నంబరు ఉంటాయి. ఆ నంబరు ఎస్ఆర్ఏ రిజిస్టర్లో కొట్టి చూడండి. పని రెండు నిమిషాలు.

ప్రశ్న: మా బావగారు మెల్‌బోర్న్‌లో ఒకప్పుడు ఒక లా ఫర్మ్ షేర్లు కొని చేతులు కాల్చుకున్నారు. లాయర్లకు షేర్‌హోల్డర్లా! వాళ్లు ఎవరి మాట వింటారు, నా మాటా, వాటాదారు మాటా?

జవాబు: ఈ ప్రయోగానికి పుట్టిల్లు ఆస్ట్రేలియాయే. న్యూ సౌత్ వేల్స్ 2001 జులైలోనే లా ప్రాక్టీసును కంపెనీగా పెట్టుకోనిచ్చింది, బయటివాళ్లు వాటాలు కొనుక్కోనిచ్చింది. 2007 మేలో స్లేటర్ అండ్ గోర్డన్ స్టాక్ ఎక్స్ఛేంజికెక్కింది. మీ ప్రశ్న అప్పుడే వచ్చింది. దానికి వాళ్లు కంపెనీ నియమావళిలోనే వరస రాసి పెట్టారు. మొదట కోర్టు, తర్వాత క్లయింటు, ఆ తర్వాతే వాటాదారు. ఈ మూడింటికీ పడకపోతే వాటాదారు నష్టపోవాల్సిందేనని డబ్బు పెట్టేవాళ్లకు ముందే చెప్పారన్నమాట. ఇంత నిజాయితీగా రాసిన ప్రాస్పెక్టస్ ఇంకోటి చూపించండి!

మరి మునిగిందెక్కడ? క్లయింటును వాటాదారుకు అమ్మేసి కాదు. 2015లో బ్రిటన్‌లో క్విండెల్ అనే సంస్థ తాలూకు లీగల్ వ్యాపారాన్ని 63.7 కోట్ల పౌండ్లు పోసి కొన్నారు. అదే ఏడాది నవంబర్‌లో, చిన్న చిన్న మెడ గాయాల కేసుల్లో పరిహారం తగ్గిస్తామని బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించగానే షేరు కుప్పకూలింది. 2016లో చూపించిన నష్టం వంద కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్ల పైమాటే. గాయాల కేసుల ఆఫీసుల్లో గెలిస్తేనే ఫీజు. అంటే పుస్తకాల్లో రాసే ఆదాయంలో ఇంకా తీర్పు రాని కేసుల అంచనా కూడా ఉంటుంది. మా భాషలో దాన్ని వర్క్ ఇన్ ప్రోగ్రెస్ అంటాం. నేను చూసిన లెక్కలన్నిటిలో నాకు అస్సలు నమ్మకం లేని గడి అదొక్కటే. మీ బావగారు షేర్లు కొనే ముందు ఆ గడి చూసి ఉంటే బాగుండేది. పాపం, ఎవరు చూస్తారు!

ప్రశ్న: ఇండియాలో అడ్వొకేట్లం నలుగురం కలిసి ప్రైవేట్ లిమిటెడ్ పెట్టుకోవచ్చా?

జవాబు: లా ప్రాక్టీసుకు కాదు. అడ్వొకేట్స్ చట్టం, 1961 ప్రకారం ప్రాక్టీసు చేసే హక్కు బార్ కౌన్సిల్ జాబితా (రోల్) మీద పేరున్న అడ్వొకేటుదే, అంటే మనిషిది. భాగస్వామ్యం, లేదా ఎల్ఎల్పీ (భాగస్వాముల పూచీకి హద్దుండే సంస్థ) పెట్టుకోవచ్చు. అయితే అందులో అందరూ అడ్వొకేట్లే ఉండాలి. కానివారితో ఫీజు పంచుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. పాత కంపెనీల చట్టం భాగస్వాములను 20 మందికే ఆపేసేది, ఇప్పుడు అడ్వొకేట్ల లాంటి వృత్తులవారికి ఆ హద్దు లేదు. మీరు నలుగురే కాబట్టి ఎలాగూ ఆ బెంగ లేదు.

ప్రశ్న: కంప్యూటరే నడిపే లా కంపెనీకి లైసెన్సు ఇచ్చారట! ఇక లాయరుతో పనేముంది?

జవాబు: 2025లో ఎస్ఆర్ఏ గార్‌ఫీల్డ్ లా అనే కంపెనీకి అనుమతి ఇచ్చింది. 10,000 పౌండ్ల లోపు చిన్న బాకీల వసూలు పని ఏఐతో చేస్తుంది. కానీ ప్రతి అడుగుకూ క్లయింటు సరేననాలి, పాత తీర్పులను అదే వెతికి పెట్టడానికి వీల్లేదు, జరిగిన ప్రతిదానికీ పేరున్న సొలిసిటర్లు జవాబుదారీ. కోఫా కుర్చీలో కంప్యూటర్ని కూర్చోబెట్టలేదు. 35 పౌండ్ల కోసం రాత్రి ఏడింటిదాకా అదీ కూర్చుంటుంది నిజమే. రిజిస్టర్లో సంతకం ఎవరు పెడతారు?

ప్రశ్న: నా వయసు 67. నేను ఒక్కడినే డైరెక్టరుగా ఉన్న చిన్న లా కంపెనీ. పిల్లలు ఈ వృత్తిలోకి రాలేదు. వచ్చే ఏడాది కంపెనీస్ హౌస్‌లో పేరు కొట్టేయించి తాళం వేద్దామనుకుంటున్నాను. సులువేనా?

జవాబు: అయ్యా, తెరవడం కంటే మూయడానికే ఎక్కువ డబ్బు కావాలి. ఈ మాట ముందే చెప్పేవాళ్లు తక్కువ. మీరు ఆఫీసు మూసినా, మీరు రాసిన వీలునామాలు, చేసిన దస్తావేజులు బతికే ఉంటాయి. వాటిలో తప్పు ఎప్పుడో బయటపడొచ్చు. అందుకని మూసిన తర్వాత ఆరేళ్ల పాటు ‘రన్ ఆఫ్’ ఇన్సూరెన్సు ఉండి తీరాలి. ఆ ప్రీమియం సాధారణంగా ఏడాది ప్రీమియంకు రెండు మూడు రెట్లుంటుంది. ఆదాయం ఆగిపోయిన రోజున మొత్తం ఒకేసారి కట్టాలి. మిమ్మల్ని కలుపుకోవడానికి ఒప్పుకునే ఆఫీసు ఏదైనా దొరికితే, అది మీకు వారసురాలిగా నిలబడి మీ పాత పనుల భారం తన పాలసీలోకి తీసుకోవచ్చు. ఇప్పటి నుంచే వెతకండి, ఏడాది ఇట్టే గడిచిపోతుంది.

క్లయింట్ అకౌంట్లో చిల్లర నిల్వలు మిగిలి ఉంటాయి, నాకు తెలుసు. ఎవరిదో 4 పౌండ్లు, చనిపోయినావిడ పేర 11 పౌండ్ల 60 పెన్నీలు. అవి మీవి కావు, ఎవరివో వాళ్లకే చేర్చాలి. పాత ఫైళ్లు దించి అడ్రసులు రాసుకోవడం ఈ వారమే మొదలుపెట్టండి. నేను ఆఖరుగా మూసిన ఆఫీసులో ఆ ఒక్క పనికే ఏడు నెలలు పట్టింది.